వాగ్దానం కావాలి, వాగ్దానం చేసినవాడు వద్దా?



డిసెంబరు 31 రాత్రి మన మందిరాలు నిండిపోతాయి. ఏడాదంతా ఆదివారం ముఖం చూపనివారు కూడా ఆ రాత్రి వస్తారు. ఎందుకు? పన్నెండు దాటగానే పళ్ళెంలో వాగ్దాన కార్డులు వస్తాయి గనుక! కళ్ళు మూసుకొని ఒకటి తీస్తారు. దీవెన గురించి ఉంటే ముఖం వెలిగిపోతుంది. ఓర్పు గురించి వస్తే, "అయ్యగారూ, ఇంకొకటి తీసుకోవచ్చా?" అని అడుగుతారు.

సూటిగా అడుగుతున్నాను. ఇది ఆరాధనా, చిలక జోస్యమా?

వాక్యం ఇంటి గోడమీద ఉండటం మంచిదే. కానీ "ఈ యేడు నాకేమి వస్తుంది?" అనే ప్రశ్నతోనే దేవుని దగ్గరకు వస్తే, మనం ఆరాధించేది ఆయనను కాదు, మన అవసరాన్ని.

కార్డులమీద ఎక్కువగా కనబడే యిర్మీయా 29:11 తీసుకోండి. దేవుడు మేలే తలపెట్టాడన్న ఆ మాట ఎవరికి వచ్చింది? ఊరు, పొలం, దేవాలయం విడిచి బబులోను చెరకు పోయినవారికి. దాని పై వచనం మాత్రం ఎవరూ కార్డుమీద వేయరు. విడుదలకు డెబ్బది సంవత్సరాలు పడుతుందని అందులో ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది ఆ పరాయి మట్టిలోనే కలిసిపోవాలి. అయినా, చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయమన్నాడు దేవుడు (29:7). పూర్ణ హృదయంతో తనను వెదకమన్నాడు (29:13).

దాని ముందు అధ్యాయంలో హనన్యా ఉన్నాడు. రెండేళ్ళలో అంతా తిరిగి వస్తుందని దేవుని పేరట ప్రకటించాడు. వినడానికి ఎంత తియ్యని వాగ్దానం! కానీ అది దేవుడు చెప్పింది కాదు. ఆ సంవత్సరమే హనన్యా చనిపోయాడు (28:17). తోటి సేవకులారా, మనం యిర్మీయా వైపా, హనన్యా వైపా?

వాగ్దాన వచనాన్ని సందర్భం నుంచి ఊడదీసి వాడినవాడు మరొకడు ఉన్నాడు. కీర్తన 91 చూపించి యేసును దేవాలయ శిఖరం నుంచి దూకమన్న సాతాను (మత్తయి 4:6).

"కార్డులు ఆపితే జనం రారు" అంటారు కొందరు. రొట్టెలు తిన్న జనం తనను వెదుక్కుంటూ వచ్చినప్పుడు, ప్రభువు వారిని నిలుపుకోవడానికి మళ్ళీ రొట్టెలు పంచలేదు. జీవాహారం తానే అని చెప్పాడు. చాలామంది వెళ్ళిపోయారు (యోహాను 6:66). ఆయన మాట మార్చలేదు.

సమృద్ధి కార్డు తీసిన రైతు మిరప తోట తెగులుకు పోతే ఏమి జవాబు చెబుతాం? కాపుదల కార్డు తీసిన చెల్లెమ్మ ఆ యేడే భర్తను పోగొట్టుకుంటే? "దేవుడు నన్ను మోసం చేశాడు" అని ఆమె ఏడిస్తే, ఆ పాపం ఎవరి లెక్కలో పడుతుంది? మనం ఆమె చేతిలో కార్డు పెట్టాం గాని, పంట పోయినా కొట్టం ఖాళీ అయినా ప్రభువునందే ఆనందిస్తానన్న హబక్కూకు విశ్వాసాన్ని నేర్పలేదు (3:17-18).

ప్రియులారా, ఈసారి పళ్ళెంలో చేయి పెట్టే ముందు మోకాళ్ళూనండి. "ప్రభువా, ఈ యేడు నా ద్వారా నీకు ఏమి కావాలి?" అని అడగండి. వచ్చిన వచనం ఒక్కటే కాదు, ఆ అధ్యాయమంతా చదవండి. ఏమీ ఇవ్వకపోయినా ఆయన దేవుడే, ఆరాధనకు యోగ్యుడే.

ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.