కష్టాలు ఒక్క ఇంట్లో, రిజిస్టర్లు పది చోట్ల

సిద్దిపేట జిల్లా ధూళిమిట్ట మండలంలోనైనా, పక్కనున్న మద్దూరు, చేర్యాల ఊళ్లలోనైనా ఆపద ఒంటరిగా రాదు. బోరు ఎండితే అప్పు పుడుతుంది. మిత్తి పెరిగితే ఇంటాయన తాగుడుకు పడతాడు. తాగుడు వెంట కొట్లాట వస్తుంది. ఆ ఇంట్లోనే నడవలేని పిల్లో, పక్షవాతంతో మంచం పట్టిన అత్తో ఉంటే ఇల్లాలికి కూలికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. ఆ ఇంటికి ఇదంతా ఒకటే ముడి. సర్కారు లెక్కలో మాత్రం వేరువేరు కాగితాలు. పింఛనుకు ఎంపీడీవో ఆఫీసు, వైకల్యానికి సదరం క్యాంపు, భూమికి తహసీల్దారు, అప్పుకు బ్యాంకు, కొట్లాటకు ఠాణా, మనసు బాగోకపోతే సిద్దిపేట పెద్ద దవాఖాన. ప్రతి ఆఫీసూ తన కాగితం తాను చూసుకుంటుంది. ఆ ఇంటిని మొత్తంగా చూసే మనిషి ఎక్కడా లేడు. అలాంటి మనిషిని జీతమిచ్చి, తర్ఫీదిచ్చి ఊళ్లోనే పెట్టాలన్నది నా వాదన.

మనకున్న పెద్ద పథకాలు చాలావరకు ప్రాణం పోయాక కదులుతాయి. రైతు ఆత్మహత్యకు 2004లో 421 నంబరు జీవోతో లక్షన్నర సాయం మొదలైంది. 2015లో 194 నంబరు జీవో దాన్ని ఆరు లక్షలు చేసింది. 2018 ఆగస్టు నుంచి రైతుబీమా కింద, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు వస్తున్నాయి. ఇవి లేకపోతే ఎన్ని కుటుంబాలు రోడ్డున పడేవో చెప్పలేం. అయితే కౌలురైతుకు పట్టా లేదు కాబట్టి బీమా లేదు. ఆత్మహత్య సాయం కావాలంటే అది సాగు అప్పుల వల్లే జరిగిందని అధికారుల కమిటీ ముందు భర్తను పోగొట్టుకున్న మనిషే కాగితాలతో రుజువు చేసుకోవాలి. అదే ఇంటికి ఆర్నెల్ల ముందు ఎవరైనా పోయి కూర్చుని ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు ఏ జీవోలోనూ చోటు లేదు.

ఊరంటేనే ఒకరికొకరు కదా, ప్రత్యేకంగా మనిషెందుకని అడిగేవాళ్లున్నారు. ధూళిమిట్ట మండలంలోని బైరాన్‌పల్లి దీనికి మంచి జవాబు చెబుతుంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడి వందమంది దాకా ప్రాణాలు తీసిన ఊరది. అంతకుముందు జరిగిన దాడులను ఆ ఊరు తిప్పికొట్టింది. గ్రామరక్షక దళం కట్టుకుని, బురుజు మీద కాపలా పెట్టుకుని, పని పంచుకున్నందుకే అది సాధ్యమైంది. అభిమానం ఒక్కటే ఆ పని చేసి ఉండేది కాదు. ఇవాళ మన ఊళ్లలో ఆపదకు అందే సాయం ఎక్కువగా కులసంఘం దారిలో వస్తుంది. సంఘం బలంగా ఉన్న కులానికి అంత్యక్రియల ఖర్చో, చేబదులో దొరుకుతుంది. పది ఇళ్లు కూడా లేని కులానికి, ఇంటి నుంచి వెళ్లగొట్టబడ్డ ఒంటరి ఆడమనిషికి, ఊరి మాట కాదని పెళ్లి చేసుకున్న జంటకు ఆ తలుపు తెరుచుకోదు. అందరికంటే ఎక్కువ చిక్కుల్లో ఉన్నవాళ్లే ఊరి ఆదరణకు అందరికంటే దూరంగా ఉంటారు. ఊరి మంచితనం మీద భారమంతా వేసే ఆలోచనను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణమిదే.

పోనీ, మహిళా సంఘాలున్నాయి కదా? ఉన్నాయి. ఈ పనికి నాకు కనిపించే గట్టి పునాది కూడా అవే. పొదుపు సంఘం, దానిపై గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య. కులాల మధ్య గీతలను కొంతైనా దాటి ఆడవాళ్లు వారం వారం కలిసి కూర్చునే చోటు పల్లెలో ఇంకోటి లేదు. కానీ ఇక్కడే ఒక పాత గాయాన్ని గుర్తుచేయాలి. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇదే గుంపును పూచీగా వాడుకున్నాయి. ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గడపలో కూర్చోవాలి. తోటివాళ్ల ముందు పోయిన పరువు ఎందరి ప్రాణాలో తీసింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నిన్నటిదాకా ధైర్యం చెప్పిన అక్కలే వసూలుకు వచ్చారంటే, గుంపు చేతిలో ఏ పని పెట్టారన్నదే ప్రధానం. ఇవాళ సమాఖ్య సమావేశాల్లోనూ ఎక్కువ పొద్దు బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీల లెక్కలకే పోతుంది. ఈ నెల కిస్తీ ఆగిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని అందరికంటే ముందు తెలిసేది సంఘానికే. ఆ కబురు వసూలుకు పనికొస్తోంది గానీ పలకరింపుకు పనికిరావడం లేదు.

డాక్టర్లు, పెద్ద చదువులవాళ్లు లేకుండా ఊరి మనిషితోనే ఈ పని కుదురుతుందా అంటే, కుదిరిన చోట్లున్నాయి. డాక్టర్ల వైద్యం ఎలాగూ అందరికీ చేరడం లేదు. 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలున్న వందమందిలో 85 మందికి చికిత్సే అందలేదని తేలింది. పత్తికీ అప్పుకూ పేరుమోసిన విదర్భలో, అమరావతి జిల్లాలోని 30 ఊళ్లలో ‘విశ్రామ్’ అనే కార్యక్రమం ఊరి మనుషులకే తర్ఫీదిచ్చి ఇంటింటికీ పంపింది. కుంగుబాటుతో ఉండి సాయం అందుకున్నవారు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఆస్పత్రి ఆవరణలో బల్లలు వేయించి, తర్ఫీదు పొందిన పెద్ద వయసు ఆడవాళ్లను కూర్చోబెట్టాడు. వచ్చినవారి కష్టాలన్నీ వింటారు, అందులో ఒకదాన్ని ఎంచుకుని దాన్ని తీర్చే దారి ఇద్దరూ కలిసి వెతుకుతారు. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఆర్నెల్ల తర్వాత ఆ బల్ల మీద కూర్చున్నవారిలో కుంగుబాటు లక్షణాలు మిగిలింది 14 శాతానికే. మామూలు వైద్యం పొందినవారిలో అది 50 శాతం. తర్వాత వాళ్లను చేతిపని చేసుకునే బృందాల్లోకి పంపుతారు. మాట సాయం, బతుకుదెరువు అక్కడ విడిపోలేదు.

ధూళిమిట్టలో దీన్ని మొదలుపెట్టాలంటే కొత్త భవనం అక్కర్లేదు. ప్రతి గ్రామైక్య సంఘం తరఫున ఒకామె ఉండాలి. వసూళ్లతో ఆమెకు ఏ సంబంధమూ ఉండకూడదు. విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి షరతు. చిన్న ఊళ్లో గుట్టు పోతే ఆ మనిషి ఇంకెన్నడూ నోరు విప్పదు. ఆడమనిషికి బస్సు ప్రయాణం ఉచితమైనా సిద్దిపేట దవాఖానకు పోవాలంటే ఒక పొద్దు కూలి పోతుంది, కాబట్టి తోడుపోయేది ఈమే కావాలి. సదరం క్యాంపు తేదీ తెలుసుకోవాలి, బ్యాంకు మేనేజరు ముందు పక్కన కూర్చోవాలి, రాత్రిపూట మాట్లాడాలనిపిస్తే 2022లో మొదలైన టెలిమానస్ 14416కు ఫోన్ కలిపివ్వాలి. ఇంట్లో దెబ్బలున్నప్పుడు మాత్రం రాజీ కుదర్చడం ఆమె పని కాదు. సఖి కేంద్రానికో, పోలీసులకో చేర్చడమే పని. పెద్దమనుషుల పంచాయితీల్లో ‘సర్దుకుపో’ అన్న మాట విని ఇల్లు చేరిన ఆడవాళ్ల సంగతి మనకు తెలియనిది కాదు.

ఈ పనిని ఆశా వర్కర్ నెత్తిన పెడదామన్న సలహా వెంటనే వస్తుంది. దాన్ని ఒప్పుకోవద్దు. 18 వేల స్థిర వేతనం కోసం ఏళ్లుగా రోడ్డెక్కుతున్న వాళ్లకు ఇంకో రిజిస్టరు ఇవ్వడం అన్యాయం. సేవాభావం పేరుతో పేద ఆడవాళ్ల చేత ఊరికే పని చేయించుకోవడం మన పాలనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. జీతం రాష్ట్ర బడ్జెట్టు నుంచే రావాలి. ఇక చిన్న అత్యవసరాలకు మిత్తి లేని డబ్బు కావాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనే గ్రామ సంఘాలకు ఆపద నిధి ఏర్పాటు ఉంది. దాన్ని మందులకూ, చదువుకూ, సారాయి మాన్పించే వైద్యానికీ వాడుకునేలా నిర్ణయం సంఘాల చేతిలోనే ఉంచాలి. ధూళిమిట్ట మండల సమాఖ్య, గ్రామ పంచాయతీలు కలిసి తీర్మానం చేసి కలెక్టరుకు పంపితే, జిల్లా తొలి ఏడాదికి ఈ ఒక్క మండలాన్ని ఎంచుకుని జీతాలు మంజూరు చేయవచ్చు. ఆ ఏడాదిలో ఎన్ని కిస్తీలు వసూలయ్యాయన్నది లెక్కలోకి రాకూడదు. ఎన్ని ఇళ్ల గడప తొక్కారు, ఎందరు దవాఖానకు రెండోసారి కూడా పోగలిగారు అన్నవే రాసుకోవాలి.