తోడు వేయడం పిల్లలకు నేర్పుదాం

సూక్ష్మజీవులంటే రోగకారకాలేనన్న భయం నేటి పిల్లలలో బలంగా నాటుకొన్నది. పెరుగును ప్యాకెట్లలో మాత్రమే చూస్తున్న పిల్లలకు, మేలు చేసే సూక్ష్మజీవులూ ఉన్నాయని తెలిసేదెట్లా? ఆ పాఠానికి వంటింటిని మించిన బడి లేదు.

చెప్పవలసినది స్వల్పమే. చెంచాడు తోడులో కంటికి కనబడని జీవులు కోట్లకొద్దీ ఉంటాయి. అవి పాలలోని చక్కెరను ఆహారంగా గ్రహించి, పుల్లని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ పులుపు వల్ల పాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి పట్టుకొని గడ్డకడతాయి. అదే పెరుగు. పాలు పులియడానికి సజీవులైన సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1857లో వెల్లడించాడు.

మరిగే పాలలో తోడు వేస్తే ఆ జీవులు నశిస్తాయి. పాలు మరీ చల్లారితే మందగిస్తాయి. అందుకే మన పెద్దలు గోరువెచ్చదనం చూసి తోడు వేసేవారు. చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టేవారు. సరిగా తోడుకొనని పెరుగును ఆయుర్వేదం ‘మందకం’ అని పేర్కొని, తినరాదన్నది. కనుక 6 నుంచి 8 గంటలు ఓపిక పట్టడం కూడా ఈ పాఠంలో భాగమే.

పులియడం వేరు, పాడవడం వేరు. బూజు పట్టినది, దుర్వాసన వేసేది పారవేయవలసినదే. ఈ తేడా తెలిసిన పిల్లలు పుస్తకం లేకుండానే ఆహార విజ్ఞానం నేర్చినట్లు.

ఈ రాత్రి మీ పిల్లల చేతనే తోడు వేయించండి. నిన్నటి పెరుగే నేటి పాలకు తోడు. ఈ వరుస మన తరంతో తెగిపోరాదు.