రాజు తప్పును రాసిన కలం

దావీదు ఇశ్రాయేలీయులు ఎంతగానో ప్రేమించిన రాజు. గొల్యాతును కూల్చిన వీరుడు, కీర్తనలు రాసిన భక్తుడు, దేవుని హృదయానుసారుడని పేరు పొందినవాడు. అంతటివాడు తన సైనికుడైన ఊరియా భార్యను ఆశించి, ఆ పాపాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఊరియానే యుద్ధంలో చంపించిన వైనాన్ని బైబిలు ఏ దాపరికమూ లేకుండా రాసింది (2 సమూ. 11). అంతటితో ఆగలేదు. దావీదు యోధుల జాబితా చివర ఊరియా పేరును చేర్చింది (2 సమూ. 23:39). మరోచోట దావీదు యథార్థతను మెచ్చుకుంటూనే ఊరియా సంగతిని మినహాయించింది (1 రాజులు 15:5). యేసుక్రీస్తు వంశావళి రాసిన మత్తయి కూడా సొలొమోను తల్లిని ఊరియా భార్యగానే గుర్తుచేశాడు. రక్షకుని వంశావళిలోనే దాచని నిజాన్ని మన ఎమ్మెల్యే, మన ముఖ్యమంత్రి విషయంలో మనమెందుకు దాచాలి?

అదే బైబిల్లో దీనికి పూర్తిగా భిన్నమైన సంఘటన ఒకటుంది. నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు రాజు పేరిట లేఖలు రాసి, రాజముద్ర వేసి, ఉపవాసదినం చాటించి, ఇద్దరు అబద్ధసాక్షుల చేత అతనిపై దైవదూషణ నేరం మోపించింది (1 రాజులు 21). కాగితాలు సక్రమంగా ఉన్నాయి, సాక్షుల సంఖ్య సరిపోయింది, భక్తి వాతావరణం కూడా ఉంది. లేనిది సత్యమొక్కటే! ఉన్న నేరాన్ని దాచడం ఎంత పాపమో, లేని నేరాన్ని సృష్టించడమూ అంతే పాపం. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం వద్దన్న దేవుని ఆజ్ఞ అభిమానికీ వర్తిస్తుంది, ప్రత్యర్థికీ వర్తిస్తుంది.

మన చరిత్రనే చూద్దాం. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ వెనుక రాజకీయ కక్ష ఉందంటూ ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణను కాదంటూ నాటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. సుప్రీంకోర్టు దాన్ని ఎత్తిచూపింది, 1964లో ఆయన రాజీనామా చేశారు. ఈ సంగతి రాయకపోతే చరిత్రకు అన్యాయం. అయితే కోర్టు ఆయనకు ఏ శిక్షా వేయలేదనీ, ఆ తర్వాత ఆయన లోక్‌సభ స్పీకరై, 1977లో రాష్ట్రపతి అయ్యారనీ రాయకపోతే ఆయనకు అన్యాయం.

పి.వి. నరసింహారావుగారి సంగతీ అంతే. 1993లో అవిశ్వాస తీర్మానాన్ని ఓడించడానికి ఎంపీలకు లంచాలిచ్చారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషిగా తేల్చింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. మొదటి తీర్పు గుర్తున్నవారిలో ఎందరికి రెండో తీర్పు గుర్తుంది? ఇక లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని అదే వ్యవహారంలో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. పీవీగారికి భారతరత్న ప్రకటించిందీ ఆ ఏడాదే. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా మనం చెప్పేది సగం సత్యమే. సగం సత్యం చాలాసార్లు పూర్తి అబద్ధం చేసేపనే చేస్తుంది.

ఆరోపణ వేరు, ఎఫ్ఐఆర్ వేరు, చార్జిషీటు వేరు, తీర్పు వేరు. తీర్పు మీద అప్పీలుంటే అది ఇంకా వేరు. అరెస్టయిన రోజే ఒకరిని దొంగ అనేస్తాం. బెయిలు రాగానే మరొకరు కడిగిన ముత్యమని ఊరేగిస్తాం. రెండూ తొందరపాటే. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా నిర్ధారించవద్దనీ, సాక్షి అబద్ధికుడేమో బాగా విచారించమనీ ధర్మశాస్త్రం ఆదేశించింది (ద్వితీ. 19:15–19). లూకా కూడా కన్నులారా చూసినవారు అందించిన సంగతులను మొదటినుండీ పరిశోధించాకే సువార్త రాశానంటాడు. సువార్తకే అంత పరిశోధన అవసరమైతే, వాట్సాప్‌లో వచ్చినదాన్ని అరనిమిషంలో పదిమందికి పంపే మనకెంత జాగ్రత్త ఉండాలి?

మనష్షే రాజు వృత్తాంతం మరో పాఠం. రాజుల గ్రంథం అతని విగ్రహారాధననూ, అతడు చిందించిన నిరపరాధుల రక్తాన్నీ చెప్పి ముగించింది. దినవృత్తాంతాల గ్రంథం అతని విగ్రహారాధనను చెప్పాక, అతడు బబులోను చెరలో తన్ను తాను తగ్గించుకుని దేవుని వైపు తిరిగాడని కూడా చెప్పింది (2 దిన. 33). దావీదు, బత్షెబల ఉదంతాన్ని మాత్రం ఆ దినవృత్తాంతాలే వదిలేశాయి, సమూయేలు గ్రంథం చెప్పింది. దేవుడు రెండింటినీ మన చేతికిచ్చాడు. తెలుగునాట ఏ పత్రిక, ఏ చానల్ ఏ పక్షమో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పేవాడు ఒక్క గ్రంథమే చదివి మనష్షేను అర్థం చేసుకున్నాననుకునే వానిలాంటివాడు.

అసలు బాధ మన సంఘాల్లోనే ఉంది. నాయకుడు మన విశ్వాసానికి చెందినవాడైతే, మన కులస్థుడైతే, చర్చి ప్రహరీగోడకు చందా ఇచ్చినవాడైతే అతని మీద వచ్చిందంతా కుట్రే! అవతలివాడి మీద వచ్చిందంతా నిజమే! వేర్వేరు తూనికరాళ్లు దేవునికి హేయమని సామెతల గ్రంథం హెచ్చరించింది కిరాణా కొట్టువాళ్లను మాత్రమేనా? అధికారుల కోసం ప్రార్థించమని పౌలు బోధించాడు. ప్రార్థించడమంటే వారి తప్పులకు తెర కట్టడం కాదు. దావీదుకు ఎదురుగా నిలబడి అతని పాపాన్ని చెప్పిన నాతాను ప్రవక్త దావీదుకు శత్రువు కాడు. ఆ గద్దింపే దావీదును పశ్చాత్తాపానికి నడిపించింది.

కాబట్టి ఒక నాయకుని గురించి మాట్లాడేముందు, రాసేముందు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఇది చెప్పిందెవరు? కేసు ఏ దశలో ఉంది? ఆ నాయకుడు ఇచ్చిన జవాబేమిటి? నష్టపోయినవాళ్లెవరు? చివరి ప్రశ్నను అసలు మరవొద్దు. కుంభకోణాల కథల్లో నాయకుల పేర్లే మిగులుతాయి. భూమి పోయిన రైతు, డిపాజిట్టు పోయిన వితంతువు ఎవరికీ గుర్తుండరు. ఊరియా పేరును మాత్రం దేవుని గ్రంథం చెరిపేయలేదు. ఇక మనం చెప్పింది తప్పని తేలితే, ఎంతమందికి చెప్పామో అంతమందికీ నిజం చెప్పాలి. వార్తను పంపిన చేయి సవరణను పంపడానికి వెనుకాడకూడదు.

మనం సత్యస్వరూపియైన ప్రభువును ఆరాధించేవాళ్లం. అబద్ధసాక్షులను వెదికి తెచ్చి ఆయనకు మరణశిక్ష వేయించిన విచారణను ఏటా శ్రమలకాలంలో ధ్యానిస్తాం. అలాంటి మనం, మనకు నచ్చనివాడి మీద సైతం అబద్ధసాక్ష్యం పలకలేము. మనకు నచ్చినవాడి కోసం సత్యాన్ని దాచనూ లేము.