వేలు మారదు, అరుగుతుంది



'సరిహద్దులో వేలిముద్ర తీసుకుంటే మోసానికి తావుండదు' అని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. దొంగ పాస్‌పోర్టుల వరకు నిజమే. పేరు మార్చుకున్నా వేలు మారదని మా రాజోలు వైపు కువైట్ నుంచి డిపోర్ట్ అయి వచ్చినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ వేలే అరిగిపోతే?

మా వదిన పదిహేనేళ్లు కొబ్బరి పీచుతో తాళ్లు పేనింది. తర్వాత కువైట్‌లో ఇంటిపని, రోజంతా గిన్నెల సబ్బులో చేతులు. ప్రవాసులంతా 2024 డిసెంబరు 31లోగా బయోమెట్రిక్ ఇవ్వాలని, లేదంటే బ్యాంకు లావాదేవీలు ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. వదిన చున్నీతో తుడుచుకుని నాలుగుసార్లు పెట్టినా మిషన్ మీద బొటనవేలు పడలేదట. మూడోసారి వెళ్తేగాని పని కాలేదు. (ఇక్కడి రేషన్ మిషన్‌తోనూ ఆవిడకు అదే తగువు.)

మిషన్ల పట్టు వేళ్లతో ఆగలేదు; అమెరికా సంగతీ చెప్పాలి. 2025 డిసెంబరు 26 నుంచి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ విదేశీయుల ఫొటో తీస్తున్నారు. ఈ ఫొటోల విషయంలో 79 ఏళ్లు దాటిన పెద్దలకు ఉన్న మినహాయింపు పోయింది.

వ్యాసకర్తగారు మిషన్‌ని మెచ్చుకున్నారు, చేతుల్ని చూడలేదు. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు వేళ్లు పడతాయో లేదో ముందే చూసి చెప్పే ఏర్పాటు అమలాపురంలో పెట్టమని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాజోలు