ముందు తడి, వెనక చలి

జూలైలో బడులకు సెలవులివ్వగానే సిడ్నీ, కాన్‌బెర్రా, మెల్‌బోర్న్‌ల నుంచి మనవాళ్ల కార్లు మంచు కొండల దారి పడతాయి. పెరిషర్ దగ్గరో, మౌంట్ బుల్లర్ దగ్గరో దిగిన కుటుంబాన్ని తల నుంచి కిందికి చూసుకుంటూ వస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. చెవులు మూసే టోపీ, మెడకు మఫ్లర్, మందపాటి జాకెట్, చేతులకు గ్లోవ్స్. చూపు పాదాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. రోజూ పార్కులో నడిచే జాలీ బూట్లు, లోపల నూలు సాక్స్. గంట తిరక్కుండానే పిల్లలు కారెక్కుతామని మారాం చేస్తారు. చలికి ఆగలేకపోతున్నారని పెద్దలు అనుకుంటారు. అప్పటికే వాళ్ల కాళ్లు తడిసి ఉంటాయి.

ఒక పూట సరదాకి వచ్చినవాళ్లకైతే ఇది కారు హీటరుతో తీరే కష్టం. వీపున సంచీ వేసుకుని, మంచులో రెండు మూడు రోజులు నడిచి, రాత్రిళ్లు టెంట్‌లో పడుకునేవాళ్లకు అలా తీరదు. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేల మంది. వాళ్లలో ఇలాంటి నడకలకు బయల్దేరే కుర్రకారూ ఉన్నారు. చలి అంటే లంబసింగి, మంచు అంటే అరకు పొగమంచు అనుకుంటూ పెరిగిన పాదాలకు ఈ నేల కొత్త. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలి: ఆస్ట్రేలియా మంచులో పాదాన్ని ముందు దెబ్బతీసేది తడి. చలి దాని వెనక వస్తుంది.

ఈ దేశంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీలు. 1994 జూన్ 29న స్నోయీ పర్వతాల్లోని షార్లెట్ పాస్‌లో నమోదైంది. అలాంటి రాత్రులు అరుదు. మామూలుగా అక్కడి చలికాలం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. పొద్దున గాజులా బిగుసుకున్న మంచు మధ్యాహ్నానికి గంజిలా జారుతుంది, సాయంత్రం మళ్లీ గడ్డకడుతుంది. మధ్యలో ఒక వాన. బాగా ముదిరిన చలిలో మంచు పొడి ఇసుకలా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. సున్నా దగ్గర అది బూటుకు అంటుకుని, కరిగి, కుట్లలోంచి లోపలికి దిగుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. టాస్మేనియాలో క్రేడిల్ మౌంటెన్ నుంచి సెయింట్ క్లెయిర్ సరస్సు దాకా 65 కిలోమీటర్లు సాగే ఓవర్‌ల్యాండ్ ట్రాక్ మీదనైతే మంచుకు బురద కూడా తోడవుతుంది.

చలి వేసినప్పుడు శరీరం గుండె, ఊపిరితిత్తుల్లాంటి అవయవాలను ముందు కాపాడుకుంటుంది. చేతివేళ్లకూ కాలివేళ్లకూ వెళ్లే సన్నని రక్తనాళాలను బిగించి, వేడి రక్తాన్ని లోపలే ఉంచుకుంటుంది. అరికాలి మంట నెత్తికెక్కిందంటాం. మంచులో నెత్తి చలి అరికాలికి దిగుతుంది. కాళ్లు చల్లబడుతున్నాయనిపిస్తే ముందు టోపీ పెట్టుకోవాలి, జాకెట్ జిప్పు పైకి లాగాలి, నాలుగు ఖర్జూరాలో ఒక పల్లీ చిక్కీయో నమలాలి. చాలామంది దీన్ని వదిలేసి, ఉన్న బూటులోనే రెండో జత సాక్స్ కుక్కుతారు. బూటు బిగుతై, వచ్చే కాస్త రక్తమూ ఆగి, వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

తడి చేసే చేటు ఆస్ట్రేలియాకు వందేళ్ల కిందటే అనుభవం. 1916-17 చలికాలంలో ఫ్రాన్స్‌లోని సోమ్ కందకాల్లో ఆస్ట్రేలియా సైనికులు బురదనీటిలో నిలబడి రోజులు గడిపారు. పాదాలు ఉబ్బి, రంగు మారి, కుళ్లే ఆ జబ్బుకు ట్రెంచ్ ఫుట్ అని పేరు. నీళ్లు గడ్డకట్టే చలి దానికి అక్కర్లేదు. పాదం తడిలోనే ఉండిపోతే 15 డిగ్రీల దగ్గర కూడా వస్తుంది. సైన్యం పట్టుకున్న మందు చాలా సాదా: కాళ్లు తుడుచుకుని తిమింగలం నూనె పట్టించడం, పొడి సాక్స్ మార్చడం, పాదాలను రోజూ పరీక్షించడం. ఇక్కడి ఇళ్లలో ఆడవాళ్లు కూర్చుని అల్లిన సాక్స్ ఆస్ట్రేలియన్ కంఫర్ట్స్ ఫండ్ ద్వారా 13 లక్షల జతలకు పైగా యుద్ధానికి వెళ్లాయి. వరి నాట్లు వేసే మన పల్లెల్లో ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులు మడిలో నిలబడితే వేళ్ల సందులు ఒరిసిపోతాయి. రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, పసుపు కలిపిన నూనె రాసుకుని గానీ పడుకోరు.

సాక్స్ ఎంచుకోవడానికి మన గొంగడిని గుర్తు చేసుకుంటే చాలు. తెలంగాణ కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి వానలో నానినా, కప్పుకున్న కాపరిని వెచ్చగానే ఉంచుతుంది. ఉన్ని పోగు తన బరువులో ఇంచుమించు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా పైకి పొడిగానే తగులుతుంది. నూలు ఆ తేమనంతా చర్మానికి అతికించి పెడుతుంది. గొంగడి ఉన్ని గరుకు కాబట్టి పాదానికి పనికిరాదు. మెరినో పోగు సన్నగా ఉంటుంది, గుచ్చుకోదు. 1797లో మొదటి మెరినో గొర్రెలు సిడ్నీ రేవులో దిగాయి. ఈనాడు బట్టలకు వాడే మేలైన ఉన్నికి ప్రపంచమంతా ఆస్ట్రేలియా వైపే చూస్తుంది. ఈ దేశంలో ఉంటూ నూలు సాక్స్‌తో మంచెక్కడమంటే ఏటి ఒడ్డున దాహంతో పడుకోవడమే. ఇక్కడ అందరిళ్లలోనూ ఉండే గొర్రెతోలు అగ్ బూట్లు మాత్రం గడప లోపలే బాగుంటాయి. మంచులో నానితే ఒక పట్టాన ఆరవు.

ఇక బూటు. సాయంత్రం పూట కొనడం మంచిది, అప్పటికి పాదం కాస్త పొంగి ఉంటుంది. నడకలో వేసుకోబోయే సాక్స్‌నే దుకాణానికి పట్టుకెళ్లాలి. లేసులు కట్టకముందు కాలిని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. కట్టాక మడమ లేవకూడదు. లోపల కాలివేళ్లు హార్మోనియం మెట్ల మీద ఆడినట్టు విడివిడిగా కదలాలి. వేళ్లు కదలని బూటు ఎంత ఖరీదైనదైనా అరలో పెట్టేసి రావాలి.

తేలికపాటి జాలీ బూట్లతోనే మంచులో నడిచేవాళ్లూ ఉన్నారు. నడుస్తున్నంతసేపూ పాదం వేడిగానే ఉంటుంది, పట్టిన నీరు పట్టినట్టే పోతుంది, త్వరగా ఆరుతుంది అని వాళ్ల వాదన. 1939లో టెన్నిస్ కోసం పుట్టిన డన్‌లప్ వాలీ కాన్వాసు బూట్లను ఆస్ట్రేలియా బుష్‌వాకర్లు ఇసుకరాతి లోయల్లో ఇష్టంగా వాడడానికి ఇలాంటి కారణాలూ ఉన్నాయి. వాగులు దాటే వేసవి నడకకు ఆ వాదన సరే. మంచులో నడక పదే పదే ఆగుతుంది, దారి చూసుకోవడానికి, టెంట్ వేయడానికి, వెనకబడినవాళ్ల కోసం. ఆగిన పది నిమిషాల్లో తడి జాలీ కాలికి ఐసు కట్టు అవుతుంది. రాత్రి బస ఉన్న మంచు నడకకు చీలమండ దాటే తోలు బూటే మేలు, దానికి మైనం పట్టించి ఉండాలి. లోపల నీరు దిగని పొర ఉంటే ఇంకా మంచిదే కానీ, ఆ పొర మీద పూర్తిగా భారం వేయకూడదు. పై అంచులోంచి మంచు దిగితే అదే పొర నీటిని లోపల బంధిస్తుంది. అందుకే బూటు పై అంచును కప్పుతూ పిక్కల మీదికి వచ్చే గెయిటర్లు కావాలి. ముళ్లపొదల్లో కాళ్లు గీరుకోకుండా ఇక్కడివాళ్లు వేసుకునే కాన్వాసు గెయిటర్లు మంచులోనూ పనికొస్తాయి.

పాదం విలువ డగ్లస్ మాసన్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో. పాత వంద డాలర్ల నోటు మీద కనిపించే ఆ భూగర్భ శాస్త్రవేత్త 1912 నవంబరులో నిన్నిస్, మెర్ట్జ్ అనే మరో ఇద్దరితో అంటార్కిటికా లోపలికి బయల్దేరాడు. డిసెంబరు 14న నిన్నిస్ తిండి మోసే స్లెడ్జితో సహా మంచు పగులులో పడిపోయాడు. జనవరి 8న మెర్ట్జ్ ప్రాణం పోయింది. ఒంటరిగా మిగిలిన మాసన్ జనవరి 11న, పాదాలు ఏదో తేడాగా ఉన్నాయనిపించి సాక్స్ విప్పాడు. అరికాలి చర్మం మందపాటి అట్టలా మొత్తంగా ఊడిపోయి ఉంది, కింద పచ్చి పుండు. ఆకలికి తిన్న కుక్కల కాలేయంలో విటమిన్-ఎ విషమై అలా చేసి ఉంటుందని తర్వాత పరిశోధకులు అనుమానించారు. అప్పుడు ఆయనకు కారణం తెలియదు, చేయాల్సిన పని మాత్రం తెలుసు. పుండుకు లానోలిన్ రాశాడు. ఊడిన అరికాళ్లనే తిరిగి వాటి చోట పెట్టి కట్టు కట్టాడు. దాని మీద ఆరు జతల మందపాటి ఉన్ని సాక్స్, ఆపైన మెత్తని బొచ్చు బూట్లు తొడిగి లేచి నడిచాడు. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. ఫిబ్రవరి 8న శిబిరం చేరాడు. ఆయన కోసం ఆగిన ఓడ కొన్ని గంటల ముందే వెళ్లిపోయింది, ఇంకో ఏడాది అక్కడే ఉండాల్సి వచ్చింది.

ఆయన టెంట్‌లో కూర్చుని పాదాలు విప్పి చూసుకున్నట్టే ప్రతి రాత్రీ చూసుకోవాలి. మంచు నడకలో పాదాలకు అసలు సేవ జరిగేది అప్పుడే. బూటు లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుకను బయటికి లాగి ఉంచాలి. లేకపోతే తెల్లారేసరికి బూటు చెక్కలా బిగుసుకుని కాలు దూరదు. మంచు దులిపి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, స్లీపింగ్ బ్యాగ్‌లో మోకాళ్ల కింద పెట్టుకోవాలి. వేళ్ల సందులు తుడిచి, ఒక్కో వేలినీ నొక్కి స్పర్శ చూసుకోవాలి. తడి సాక్స్ పిండి, ఒంటి మీది బట్టల మధ్య పొట్టకు ఆనించుకుంటే పొద్దుటికి చాలావరకు ఆరతాయి. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, దానికో సాక్స్ తొడిగి పాదాల మధ్య పెట్టుకుంటే నిద్ర పట్టేదాకా హాయి. తెల్లారాక అవే తాగే నీళ్లు. బూటు ఇంకా తడిగానే ఉంటే పొడి సాక్స్ మీద బ్రెడ్ కవర్ తొడిగి కాలు దూర్చడం పాతకాపుల ఉపాయం, ఇప్పటికీ పనిచేస్తుంది.

వేలు మైనంలా తెల్లబడి, గిచ్చినా తెలియకపోతే రుద్దకూడదు. మంచుతో అసలే రుద్దకూడదు. స్టవ్ దగ్గర పెట్టకూడదు, మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు. తోటివాళ్ల పొట్టకో చంకకో ఆనించి వెచ్చబరచాలి. స్పర్శ తిరిగి రాకపోతే నడక ఆపేసి సాయం కోరాలి. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. మనలో ఆ జబ్బు లేని ఇల్లు తక్కువ. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న పాదం చలినీ, బొబ్బనూ, పుండునూ సరిగ్గా చెప్పలేదు. డాక్టర్‌కు పాదాలు చూపించాకే వాళ్లు ఇలాంటి నడక గురించి ఆలోచించాలి.

ఎత్తు తక్కువే కదా అని ఈ కొండల్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆస్ట్రేలియాలోని ఎత్తైన శిఖరం కొజియాస్కో ఎత్తు 2,228 మీటర్లే. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కిన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు జాబితాలో అన్నిటికంటే చిన్నది అదే. వేసవిలో థ్రెడ్‌బో నుంచి చైర్‌లిఫ్ట్ ఎక్కితే ఆపైన ఆరున్నర కిలోమీటర్ల నడక, చాలా దూరం ఇనుప జాలీ బాటే. ఆ వేసవి నడకల ఫొటోలు చూసి జూలైలో బయల్దేరేవాళ్లకు ఆ బాట మంచు కింద ఉంటుందని తోచదు. షార్లెట్ పాస్ నుంచి శిఖరానికి వెళ్లే దారిలో సీమన్స్ హట్ అనే రాతి గుడిసె ఉంది. 1928 ఆగస్టులో లారీ సీమన్, ఎవాన్ హేస్ అనే ఇద్దరు స్కీయర్లు ఆ ప్రాంతంలో మంచు తుపానుకు బలయ్యారు. ఆ మరుసటి ఏడాది సీమన్ పేరిట ఆ గుడిసె కట్టారు. తుపానులో చిక్కినవాళ్లు ఈనాటికీ అక్కడ తలదాచుకుంటారు.

ఈ సెలవుల్లో మంచుకు బయల్దేరేవాళ్లకు ఒక్క విన్నపం. మంచి బూట్లు కొనే స్తోమత లేకపోతే జిండబైన్‌లాంటి ఊళ్లలో అద్దెకు తీసుకోండి. ఒక జత మందపాటి ఉన్ని సాక్స్‌ను మాత్రం ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి సంచీ అడుగున పెట్టండి. దారిలో ఎంత తడిసినా, ఎవరు అడిగినా, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్లు పెట్టేదాకా ఆ కవర్ విప్పకండి.