గుండు ఎక్కడ ఆగుతుంది?

కృష్ణ ఒడ్డు లంకల నుంచి దివిసీమ మడ అడవుల దాకా అడవిపందుల మాట ఎత్తితే చాలు, రైతు నోట వచ్చేది ఒకటే: "తుపాకీకి పర్మిషన్ ఇప్పించండి, మిగతాది మేం చూసుకుంటాం." ఆ కోపంలో న్యాయం ఉంది. చెరకు తోటలో పడ్డ పంది తినేదానికన్నా పాడుచేసేదే ఎక్కువ. గడ మొదలు కొరికి పడేస్తుంది, నమిలి పిప్పి ఉమ్మేస్తుంది, పక్క గడ మీదికి పోతుంది. తెల్లారి వెళ్లి చూస్తే దుబ్బులకు దుబ్బులు నేలకొరిగి ఉంటాయి. ఉయ్యూరు ఫ్యాక్టరీకి తోలాల్సిన చెరకు అలా పోతే ఆ నష్టం తీర్చేదెవరు?

ఆ కోపంలోనే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు తగిలేది పంది ఒక్కటే కాదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన కూలీ, పొరుగు రైతు, ఒక్కోసారి తీగ లాగినవాడే ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. దానికన్నా అనుమతి తీసుకుని చేతనైనవాడి చేత కాల్పించడం ఎంతో మేలని నా గట్టి నమ్మకం. చట్టం కూడా దారి పూర్తిగా మూసెయ్యలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, మొదటి షెడ్యూలులో లేని జంతువు నిలువు పంటకు ముప్పుగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. కేరళ 2022లో అడవిపందుల విషయంలో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతిలో పెట్టింది. తెలంగాణ కూడా సర్పంచులతో అదే బాట పట్టింది.

కాల్చొచ్చా, వద్దా అన్న దగ్గరే మన చర్చంతా ఆగిపోతోంది. దేనితో కాల్చాలి, ఏ తూటా వాడాలి, ఎంత దూరం నుంచి అన్నది ఎవరూ అడగడం లేదు. డెల్టాలో ముందు అడగాల్సింది అదే.

మన దేశంలో లైసెన్సు మీద ఎక్కువగా కనిపించే రైఫిల్ పాయింట్ 315. పాయింట్ 303 సైన్యం వాడే తూటా కాబట్టి జనం చేతికి చిక్కకూడదని బ్రిటిష్ సర్కారు కట్టడి చేసింది. ఆ ఖాళీలోకి ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల తూటా 315 అన్న పేరుతో వచ్చి కుదురుకుంది. తర్వాత మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు దాన్నే కొనసాగించాయి. దాని గుండు దాదాపు 16 గ్రాములు, వేగం సెకనుకు 600 మీటర్లకు కాస్త అటూ ఇటూ. 30-06 రైఫిల్‌ది తేలిక గుండు, వేగం 800 మీటర్ల పైమాటే. రెండింటినీ 100 మీటర్లకు గురి సరిచేసి పెడితే, 200 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 315 గుండు సుమారు అడుగు కిందికి దిగుతుంది, 30-06 నాలుగంగుళాలే దిగుతుంది. అందుకే తెలిసినవాళ్లు 30-06 వైపు మొగ్గుతారు. కొండ నేలలో ఆ మాట నిజం. ఎదుటి వాలులో ఉన్న జంతువును కొడితే, తప్పిన గుండు ఆ కొండలోనే దిగబడుతుంది.

బల్లపరుపు డెల్టాలో, ఘంటసాలలోనో మోపిదేవిలోనో తప్పిన గుండును ఆపేదేముంది? ఏదీ అడ్డు తగలకపోతే రైఫిల్ గుండు మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. ఆ మూడు కిలోమీటర్లలో ఊళ్లున్నాయి, రోడ్లున్నాయి, చేపల చెరువుల గట్ల మీద రాత్రంతా కాపలా ఉండేవాళ్ల పాకలున్నాయి. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో నీల్గాయిలను కాల్చడానికి హైదరాబాద్ నుంచి నవాబ్ షఫత్ అలీ ఖాన్ వెళ్లినప్పుడు అప్పటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీకీ ప్రకాష్ జావడేకర్‌కీ మధ్య నడిచిన వాదన దేశమంతా విన్నది. మొకామా కూడా గంగ పక్కన బల్లపరుపు నేలే. అక్కడ గుండ్లకు అడ్డేమిటన్న ప్రశ్న మాత్రం ఆ వాదనలో నాకు వినబడలేదు.

బ్యారెల్ ఎంత పొడుగైతే అంత బలమన్న నమ్మకం ఒకటి మన ఊళ్లలో పాతుకుపోయింది. పొడుగు బ్యారెల్‌లో మందు మండే గ్యాస్ గుండును ఇంకాస్త సేపు తోస్తుంది, అంతవరకు నిజమే. అయితే 30-06లో 24 అంగుళాల బ్యారెల్‌ను 20కి తగ్గిస్తే పోయేది సెకనుకు 30 మీటర్ల వేగం. 100 మీటర్ల లోపు దానివల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. మోత, మంట పెరుగుతాయి గానీ, మంచె మీద కూర్చుని చీకట్లో తిప్పడానికి పొట్టి బ్యారెలే చేతికి అనువు.

బ్యారెల్ కన్నా చూడాల్సింది తూటా ముక్కు. రాగి తొడుగు ముక్కు కొస దాకా నిండుగా కప్పి ఉంటే ఆ గుండు పందిలో ఇటు దూరి అటు వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఇంకెవరికి తగులుతుందో చెప్పలేం. దెబ్బ తిన్న పంది చెరకులోకి దూరుతుంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాడి తొడ చీలుతుంది. కొసన బూడిదరంగు సీసం వేలికి తగిలితే అది సాఫ్ట్ నోజ్. తగలగానే విచ్చుకుంటుంది, బలం చాలావరకు ఒంట్లోనే దించేస్తుంది, జంతువు త్వరగా చస్తుంది. చంపక తప్పనప్పుడు నరకయాతన లేకుండా చంపడం మన బాధ్యత.

ఇవన్నీ చూశాక కూడా డెల్టాకు రైఫిల్ వద్దనే అంటాను. 12 బోర్ తుపాకీ, ఎల్‌జీ తూటా, 20 మీటర్ల దూరం, నాలుగు మీటర్ల ఎత్తు మంచె. ఎల్‌జీలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పెద్ద సీసపు గుళ్లుంటాయి. 30 మీటర్ల లోపు పందిని పడగొట్టే సత్తా వాటికి ఉంది, తప్పిపోయినా రైఫిల్ గుండులా కిలోమీటర్లు పోవు. ఇక్కడ బ్యారెల్ 26 అంగుళాలదైనా 30 అంగుళాలదైనా ఒకటే.

ఎత్తూ దూరమూ ఊరికే చెప్పడం లేదు. మన మళ్లలో నీళ్లుంటాయి. పిల్లలు చెరువులో పెంకు విసిరితే ఎగిరెగిరి పోయినట్టే, వాలు తక్కువగా వచ్చిన గుండు నీటిని తాకి మళ్లీ పైకి లేస్తుంది, ఏ దిక్కుకు తిరుగుతుందో తెలియదు. నాలుగు మీటర్ల మంచె మీద నుంచి 20 మీటర్లలో కొడితే వాలు పది డిగ్రీలు దాటుతుంది, గుండు నేలలో దిగే వీలు ఎక్కువ. అదే మంచె నుంచి 100 మీటర్లకు కొడితే సుమారు రెండు డిగ్రీలే. గట్టు మీద నిలబడి కొడితే అదీ ఉండదు.

దగ్గర నుంచే కొట్టాలనడానికి ఇంకో కారణం బావురుపిల్లి. కృష్ణా అభయారణ్యం మడల్లో బతికే ఈ నీటిపిల్లి మొదటి షెడ్యూలు జంతువు, చేపల కోసం చెరువుల దాకా వస్తుంది. దూరాన చీకట్లో కదిలే ఆకారం పందిదో, పిల్లిదో, ఊరకుక్కదో పోల్చుకోలేం. 20 మీటర్లలో టార్చి వేస్తే ఒళ్లంతా కనిపిస్తుంది.

అటవీశాఖ ఇచ్చే అనుమతి కాగితంలో పంది పేరు, గడువు మాత్రమే ఉంటే చాలదు. మంచె ఎక్కడ, ఏ దిక్కుకు కాల్చాలి, ఏ తూటా, గరిష్ఠ దూరం ఎంత అన్నవి కూడా ఉండాలి. ఆ రాత్రి ఆ వైపు నీళ్లు పెట్టేవాళ్లకు, చెరువు కాపలావాళ్లకు ముందే కబురు వెళ్లాలి. కాల్చబోయేవాడు పగటిపూట అదే మంచె మీద నుంచి, అదే తూటాతో, అధికారి ఎదుట గురి చూపించాలి. దివిసీమ రైతు సంఘాలు ఈసారి ఇచ్చే అర్జీలో ఈ షరతులు తామే రాసి ఇవ్వాలని నా విన్నపం. వరి పాలుపోసుకునే రోజులకు ముందే ఇస్తే మంచెలు కట్టుకునే వ్యవధి ఉంటుంది.

– డెల్టావాసి