ఆదివారం మన బల్ల దగ్గర నిలబడినవాడు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు వెళ్లే రోడ్డును ఒకసారి గమనించండి. మందిరాల నుంచి బయలుదేరిన కార్లు, బైకులు అన్నీ నేరుగా ఇళ్లకు వెళ్లవు. చాలా వరకు బిర్యానీ హోటళ్ల ముందు, మండీ హోటళ్ల ముందు ఆగుతాయి. తెల్ల చీరలు, ఇస్త్రీ చొక్కాలు, చంకలో బైబిలు. చూడగానే మనవాళ్లని తెలిసిపోతుంది. కొంపల్లిలోనూ ఇంతే, ఎల్బీనగర్ దాటితేనూ ఇంతే. విజయవాడ, గుంటూరు, విశాఖ శివార్ల నుంచి వచ్చే మన పాఠకులు కూడా ఇదే చెబుతున్నారు.

దీన్ని కొందరు పెద్దలు నా దగ్గర ఫిర్యాదుగా చెబుతారు. “అయ్యగారూ, విశ్రాంతి దినాన హోటళ్ల వెంట తిరగడమేమిటి? మా కాలంలో ఆదివారం ఉప్పు కూడా కొనేవాళ్లం కాదు. మీ పత్రికలో ఒక మాట రాయండి” అంటారు. రాస్తున్నాను. అయితే వారు కోరినట్టు రాయలేకపోతున్నాను.

ఎందుకంటే వారు చెప్పే ఆ కాలంలో ఆదివారం భోజనం ఎవరు వండారు? తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కోడికూరకు మసాలా నూరిపెట్టి, పిల్లలకు తలస్నానాలు చేయించి, మూడు గంటల ఆరాధనలో కూర్చుని, తిరిగొచ్చి చీరైనా మార్చుకోకుండా పొయ్యి వెలిగించిన ఆమెకు విశ్రాంతి దినం ఏ పూట వచ్చింది? పైగా చాలా ఆదివారాలు ఇంటికి అతిథి కూడా ఉండేవాడు. ఆ అతిథుల్లో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఎన్ని ఇళ్లలో ఆదివారం భోజనం చేశానో లెక్కలేదు. వడ్డించిన అమ్మను “మీరు తిన్నారా” అని అడిగిన సందర్భాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి వారానికో పూట ఆమె కుర్చీలో కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తింటోందంటే దాన్ని లోకస్థుల అలవాటని తీసిపారేయడానికి నాకు నోరు రాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. హోటల్లో కుర్చీ మీద కూర్చోవడమన్నది మన సంఘాల్లో చాలామందికి చిన్న విషయం కాదు. మా నాన్నగారు ఉపదేశిగా పనిచేశారు. చుట్టుపక్కల పల్లెల్లో నడిచి తిరిగేవారు. ఒక ఊళ్లో టీ హోటలు చూరులో దోపిన గ్లాసు ఒకటి ఉండేదట. మనవాళ్లు వెళితే ఆ గ్లాసు తామే తీసుకోవాలి, పైనుంచి పోస్తే పట్టుకోవాలి, బయట గొంతుకూర్చుని తాగాలి, కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. చేతిలో బైబిలు ఉన్నందుకు ఆయనకేమీ మినహాయింపు దొరకలేదు. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఇప్పటి పిల్లలకు వివరించి చెప్పాల్సి వస్తోంది. సంతోషమే.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, భోజనశాలల పేరెత్తి మరీ చెప్పింది, కులం మతం కారణంగా ఎవరినీ అక్కడ అడ్డుకోకూడదని. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలతో చట్టం వచ్చింది. దాన్నే 1976లో మరింత బిగించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమన్నారు. ఇన్ని వచ్చినా చూరులో గ్లాసు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కదలలేదు. ఆ గ్లాసు పట్టుకున్నవారి మనవలు ఈ రోజు ఏసీ హాల్లో మెనూ కార్డు చూసి ఏం కావాలో చెబుతున్నారు. నా మట్టుకు నేను దీన్ని కళ్లు చెమర్చకుండా చూడలేను.

మండీ సంగతి మరీ విచిత్రం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే బార్కస్‌లో ఉండిన తిండి అది. గత పది పదిహేనేళ్లలో నగరం దాటి జిల్లా కేంద్రాల దాకా పాకింది. పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసం, చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఒకే పళ్లెంలో చేతులు పెడతారు. ఆఫీసు మిత్రులతో, వీధిలోవారితో, ఎవరిది ఏ కులమో అడగకుండా. ఎంగిలి, మైల అంటూ మనుషుల్ని పంక్తికి దూరం పెట్టిన తెలుగునేల మీద ఇది జరుగుతోంది. అంతియొకయలో అన్యుల పంక్తి నుంచి లేచిపోయిన పేతురును పౌలు ముఖాముఖిగా నిలదీసిన ఘట్టం మనం ఎన్నిసార్లు ప్రసంగించామో. ఆ ప్రసంగాలతో కదలని పీట ఒక పళ్లెం అన్నంతో కదిలిందేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. కులం పోయిందని నేను అనడం లేదు. పెళ్లి సంబంధాల దగ్గర అది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

ఇంతవరకూ మంచిదే. ఇప్పుడు అదే బల్లకు రెండో పక్క చూద్దాం.

కొద్ది నెలల క్రితం ఆరాధన తర్వాత ఒక కుటుంబం మమ్మల్ని భోజనానికి తీసుకెళ్లింది. రెండు బల్లలు కలిపి పదకొండుమందిమి కూర్చున్నాం. ఆ కుటుంబ పెద్ద మా సంఘంలో నెమ్మదిగల మనిషి, ప్రార్థనాపరుడు. నీళ్లు రావడం ఆలస్యమైతే ఆయన రెండు వేళ్లతో చిటిక వేశారు. “ఏయ్!” అన్నారు. పరుగెత్తుకుంటూ వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయో లేదో. ఆ చిటిక చప్పుడుకు నాకు చూరులో గ్లాసు గుర్తొచ్చింది. ఆయన తాతగారూ ఆ గ్లాసుతోనే తాగారు. ఆ కథ నాకు చెప్పింది కూడా ఆయనే.

భోజనం ముందు ప్రార్థన చేశాం. ఆ కుర్రాడు చేతిలో జగ్గుతో పక్కనే ఆగి తల వంచాడు. తర్వాత చేతులు కడుక్కునే చోట నా దగ్గరకొచ్చి హిందీలో అడిగాడు, మీరు ఏ చర్చి అని. తనది ఒడిశాలోని గజపతి జిల్లా. మన శ్రీకాకుళం సరిహద్దు దాటితే అదే. ఊళ్లో తండ్రి సంఘ పెద్ద అట. ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది, ఒక్క ఆదివారం కూడా ఆరాధనకు వెళ్లలేదు. ఎందుకని అడిగాను, ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో అడిగాక తెలిసింది. “ఆదివారం మీరందరూ వస్తారు కదా సార్” అన్నాడు.

జీతం 14,000. గది, తిండి యజమానిదే. ఉదయం పదకొండుకు మొదలైతే రాత్రి పదకొండు. మామూలు రోజుల్లో నాలుగింటి నుంచి ఆరింటి దాకా నడుం వాల్చడానికి వీలు. ఆదివారం అదీ లేదు. నెలకు రెండు సెలవులు, అదీ సోమ మంగళవారాల్లో. రోజుకు పది గంటల చొప్పున ఏడు రోజులు వేసుకున్నా వారానికి డెబ్బై గంటలు.

చట్టం ఏమంటోంది? ఉభయ రాష్ట్రాల్లోనూ ఆధారమైనది 1988 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం. ప్రతి ఉద్యోగికీ వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి, వారంలో పని 48 గంటలు మించితే అదనపు వేతనం కట్టాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దుకాణాలను ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచుకునేందుకు వీలు కల్పించినప్పుడు కూడా సిబ్బందికి వారాంతపు సెలవును షరతుగానే పెట్టింది. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆ కుర్రాణ్ణి అడిగితే అలాంటి కాగితం ఒకటుంటుందన్న సంగతే తెలియదన్నాడు. చట్టం లేక కాదు, తనిఖీకి వచ్చేవాడు లేక. 2024లో హైదరాబాద్ హోటళ్ల వంటగదుల మీద ఆహార భద్రతా అధికారులు వరుసగా దాడులు చేశారు, ఆ ఏడాది అక్టోబరు చివర పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించారు. మంచి పని. మన కడుపు గురించి కాబట్టి పేపర్లలో ఫొటోలతో సహా వచ్చింది. వంటగదిలో పాచిన మాంసం కోసం వెతికినంత శ్రద్ధగా, హాజరు పట్టీ ఎక్కడుందని వెతికినట్టు నేను చదవలేదు.

యజమాని పక్షం కూడా వినాలి. మా సంఘంలోనే చిన్న హోటలు నడిపే సోదరుడు ఒకరున్నారు. ఆదివారం అమ్మకం మామూలు రోజులు రెండింటికి సమానమట. అద్దె ఆగదు. ఫోన్ ఆర్డర్లు తెచ్చే కంపెనీలు ప్రతి ఆర్డరు మీదా కమిషన్ కోసుకుంటాయి. 2017 నవంబర్ నుంచి మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతమే, మనకు తేలికైంది. కానీ దానికి బదులుగా ఆయన కట్టే అద్దె మీద, కొనే సామాను మీద పడిన పన్నును తిరిగి మినహాయించుకునే వీలు లేదు. ఇవన్నీ చెప్పి చివర ఆయనన్న మాట: “నాకూ ఆరాధన రెండో పాటతోనే అయిపోతుంది అయ్యగారూ. పదింటికి గల్లా దగ్గర ఉండాలి.” నిజమే, ఆయన ప్రసంగం విని ఎన్నాళ్లయిందో.

బిల్లు సంగతికొద్దాం. సర్వీస్ చార్జీ పేరుతో బిల్లులో తానంతట కలిపేయడం కుదరదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించి, వేసిన రెండు సంఘాలకూ లక్ష చొప్పున ఖర్చులు విధించింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. బలవంతంగా వేస్తే తీసేయమని అడగవచ్చు, తీయకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. ఈ తీర్పు వచ్చినప్పుడు మన విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఎంత ఉత్సాహంగా తిరిగిందో చూశాను. తీర్పు న్యాయమైనదే. ఆ సొమ్ము వడ్డించినవాడికి చేరుతుందన్న హామీ ఎక్కడా లేదు. కానీ బిల్లులోంచి తీయించిన ఆ నూటయాభై రూపాయలు తర్వాత ఎక్కడికి వెళ్లాయి? జేబులోకే.

దీనికి తోడు ఫోన్ చెల్లింపు వచ్చింది. పూర్వం సోంపు గిన్నెతో పాటు చిల్లర వచ్చేది, అందులో ఇరవయ్యో యాభయ్యో వదిలేవాళ్లం. ఇప్పుడు 1,680 బిల్లయితే కోడ్ స్కాన్ చేసి సరిగ్గా 1,680 కొడతాం. లోభం వల్ల కాదు, చేతిలో నోటు లేక. ఆ కుర్రాడు చెప్పిన దాని ప్రకారం రోజంతా నిలబడితే ఒక్క నోటు కూడా చేతిలో పడని రోజులున్నాయి. మన పర్సులో కానుక కవరు పెట్టుకున్నట్టే ఒక యాభై రూపాయల నోటు వేరుగా పెట్టుకోవడం కష్టమైన పనేమీ కాదు. అది జీతానికి బదులు కాదని కూడా గుర్తుండాలి. వారానికో సెలవు రానివాడికి యాభై రూపాయలు ఇచ్చి చేతులు దులుపుకోలేం.

నాలుగో ఆజ్ఞలో విశ్రాంతి ఎవరెవరికో చెప్పేటప్పుడు ఇంటివాళ్లతో ఆపలేదు. దాసుడు, దాసి, పశువు, ఊళ్లో ఉన్న పరదేశి అందరినీ పేరుపేరునా చెప్పింది. మన ఆదివారం ఎలా ఉందంటే, ఇంట్లో అమ్మ భుజం మీదున్న బరువును దించి గజపతి జిల్లా పిల్లవాడి భుజం మీద పెట్టాం. ఆమెకు దించినందుకు దేవునికి స్తోత్రం. బరువు మాత్రం పోలేదు, చేతులు మారింది.

అందుకని హోటళ్లకు వెళ్లవద్దని నేను అనను. మనం మానేస్తే ఆ పిల్లవాడికి సెలవు రాదు, ఉద్యోగం పోతుంది. యజమానిని మర్యాదగా అడగమంటాను. “మీ పిల్లలకు వారం సెలవు ఎప్పుడండీ?” ప్రతి ఆదివారం పదిమందితో వచ్చే గిరాకీ అడిగితే ఆ ప్రశ్న లేబర్ ఆఫీసు నోటీసు కంటే గట్టిగా పనిచేయవచ్చు. మా సంఘంలోని ఆ సోదరుణ్ణి నేనే అడిగాను. కొంత ఇబ్బంది పడ్డారు. రెండు నెలలుగా తన ఏడుగురు పనివాళ్లకూ వంతులవారీగా వారానికి ఒక రోజు ఇస్తున్నారు. ఆదివారం ఇవ్వలేనన్నారు. నేనూ పట్టుబట్టలేదు.

చిటిక వేసిన పెద్దాయనతో కూడా మాట్లాడాను. మొదట నొచ్చుకున్నారు. రెండు వారాలు నాకు వందనం చెప్పలేదు. తర్వాతి వారం ఆయనే వచ్చి, ఆ కుర్రాడి ఊరి పేరేమిటి అయ్యగారూ అని అడిగారు.

ఆదివారం రాలేనివాళ్ల కోసం మా మందిరంలో మంగళవారం మధ్యాహ్నం నాలుగున్నరకు, హోటళ్లకు విరామం ఉండే వేళ, హిందీలో ఒక గంట కూటం మొదలుపెట్టాం. నా హిందీ అంతంత మాత్రం. మొదటి వారం ఐదుగురు వచ్చారు, మర్నాడు ఎవరికీ చెప్పవద్దన్నట్టు వెనక బెంచీలో కూర్చున్నారు. రెండో వారం ఇద్దరే. మొన్న మంగళవారం నలుగురు వచ్చారు. వాక్యం చదువుతుండగానే గజపతి కుర్రాడు గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ఆరింటికి డ్యూటీ ఉంది కాబట్టి ఐదూ నలభై దాకా లేపలేదు.